మనుష్యులు లేనందున

మొగిలికుప్పం,
తడ తపాలా.
4-2-1962

నా బంగారు తల్లి, పంతులమ్మ కామాక్షికి నీ నాయన గంగులయ్య రాస్తా ఉండేది.

ముందు క్షేమం, తర్వాత సంగతులు రాయాలని నా ఐదో తరగతి అయ్యవారు నేర్పినాడు. ఆయన నన్ను మన్నించాలి, ఈ పొద్దు సంబరమే ముందు! కొడవలూరు హైస్కూల్లో సోషల్ టీచరుగా చేరినానని నువ్వు రాసిన కార్డు వచ్చేటప్పటికి నేను పడవ అడుగు గీకతా ఉండా. గీకేది గీకినట్టే వదిలి, బురదకాళ్ళతో ఊరంతా తిరిగి కార్డు చదివి వినిపించినాను. చదువు వచ్చినోళ్ళకు కూడా నేనే చదివినాను, వాళ్ళ చేతికియ్యలేదు. తడిచేతులు తగిలితే అక్షరాలు కారిపోతాయని భయం.

మన ఊరిపెద్ద రమణయ్య ఉండాడే, ఒకర్ని మెచ్చుకోవాలంటే వాడికి గొంతులో ముల్లు దిగినట్టుంటుంది. వాడే అన్నాడు: "గంగులన్నా, మన చేపలోళ్ళలో మొగోడే పది దాటలేదు. నీ బిడ్డ మోతుబరి రైతుల బిడ్డలకు పాఠం చెబుతుందా? బెత్తం కూడా ఇస్తారా?"

"ఇస్తారు. నువ్వొకసారి పోయి వెనక బెంచీలో కూచో, రుచి చూపిస్తుంది" అన్నాను. వల కుట్టే పాకంతా ఒకటే నవ్వు. మీ అమ్మ అంకాలమ్మ మాత్రం, "అంతా వరిచేలేనంట గదా ఆడ, పిల్ల నోటికి ఉప్పుచేప ఎవరు పెడతారు" అని ఒకటే గోల. ఎండు నెత్తళ్ళు మూట గట్టింది. నీ తోటి టీచరమ్మలు ముక్కు మూసుకుంటే మూసుకోనీ, నువ్వు తిను.

ఇంక నా కోరిక. నా చదువు ఐదుతో ఆగిపోయింది. ఆ తర్వాత ఏం చెబుతారో చూడాలని ఈ వయసులో కూడా నాకు ఆశ చావలేదు తల్లీ. నువ్వు బళ్ళో చెప్పే పాఠం నాకూ రాయి. పాకలో కూచుని పైకి చదువుతా, అందరూ వింటారు. నీ క్లాసులో నన్నూ చేర్చుకో.

నీ పేరు తలిస్తేనే ఛాతీ పడవ తెరచాప మాదిరి ఉబ్బిపోయే,
నీ నాయన.


కొడవలూరు,
11-2-1962

నాయనకు, కామాక్షి నమస్కారం.

నీ ఉత్తరం స్టాఫ్ రూములో విప్పి, నవ్వాపుకోలేక వరండాలోకి పారిపోయాను. నిన్ను క్లాసులో చేర్చుకున్నాను. అల్లరి చేస్తే నిలబెడతాను.

ఈ వారం తొమ్మిదో తరగతికి అమెరికా పాఠం చెప్పాను. మా పుస్తకంలో ఉన్నది ఇంతే: "కొలంబస్ 1492లో కొత్త ప్రపంచమును కనుగొనెను. స్పెయిను దేశస్థులు అచ్చట నాగరికతను వ్యాపింపజేసిరి." పరీక్షలో అడిగేదీ ఇదే. నాకు తృప్తిగా లేక నెల్లూరు లైబ్రరీకి పోయి పెద్ద పుస్తకం తెచ్చి చదివాను. చదివినప్పటినుంచి కోపం తగ్గడం లేదు నాయనా. పంచుకుంటే తగ్గుతుందేమోనని రాస్తున్నాను.

అక్కడ మనుషులున్నారు. ఊళ్ళున్నాయి, చేలున్నాయి. అమ్మ పులుసులో వేసే మిరపకాయ మొదట పండించింది వాళ్ళే. స్పెయినువాళ్ళు బంగారం కోసం వచ్చారు. బంగారం దొరకని చోట ముత్యాలు వెతికారు. నీకు నీళ్ళు తెలుసు కాబట్టి ముత్యాల సంగతి నీకే రాయాలి. ఈదడం బాగా వచ్చిన దీవులవాళ్ళను పట్టుకుని పడవల్లో తెచ్చి, పొద్దు పొడిచినప్పటినుంచి పొద్దుగూకేదాకా సముద్రంలోకి దించేవాళ్ళు. ముత్యపు చిప్పలు ఏరి పైకొచ్చి కాస్త ఊపిరి తీసుకుందామంటే, పడవలో కూచున్న కాపలావాడు కొట్టి మళ్ళీ ముంచేవాడు. రాత్రిళ్ళు పారిపోకుండా సంకెళ్ళు. నోటినుంచి, ముక్కునుంచి నెత్తురు పోసుకుని చచ్చారు. ఒక దీవి ఖాళీ అయితే ఇంకో దీవి. కొన్నేళ్ళకు ఆ దీవుల్లో పలకరిద్దామంటే మనిషి లేడు.

ఇంకొకటి. వాళ్ళమీద పడేముందు ఒక కాగితం చదవాలని స్పెయిను రాజుగారి నియమం. "దేవుడు లోకాన్ని మా మతగురువు పోపు చేతిలో పెట్టాడు, పోపు ఈ నేలను మా రాజుకిచ్చాడు. లొంగితే సరి. లేకపోతే మీ ఆలుబిడ్డల్ని బానిసలుగా పట్టుకుంటాం. జరిగే చావులకు తప్పు మీదే" అని అందులో ఉండేది. చదివేది వాళ్ళ భాషలో. వినేవాళ్ళకు ఒక్క ముక్క తెలియదు. చాలాసార్లు వినేవాళ్ళే లేరు. చెట్లకు చదివారు, మనుషులు పారిపోయిన ఖాళీ గుడిసెలకు చదివారు. చదివాం అని సంతకాలు చేసుకుని కత్తులు దూశారు.

సినూ అనే చోట మాత్రం ఎలాగో అర్థం చేసుకున్న పెద్దలు జవాబు చెప్పారట: "తనది కానిదాన్ని దానం చేశాడంటే మీ పోపు తాగి ఉండాలి. అడిగి పుచ్చుకున్న మీ రాజుకు పిచ్చి ఉండాలి." అయినా ఆ ఊరు ఆ పెద్దలకు దక్కలేదు.

పాఠం ఇంతే. ప్రశ్నలుంటే చెయ్యెత్తు.

కామాక్షి.


మొగిలికుప్పం,
17-2-1962

నా తల్లి కామాక్షికి,

చెయ్యెత్తమన్నావు. ఎత్తినాను, పిడికిలి బిగించి ఎత్తినాను! నీ ఉత్తరం పాకలో చదువుతా చదువుతా ముత్యాల కాడికొచ్చేటప్పటికి కాగితం కింద పెట్టేసినాను. మునిగినోడికి ఊపిరి ఎంత తీపో నాకు తెలుసు. పైకి వచ్చిన మనిషిని మళ్ళీ ముంచుతారా? వాళ్ళూ అమ్మకు పుట్టినోళ్ళేనా? వాళ్ళ వంశం మునిగిపోను, వాళ్ళ పడవలకు పురుగు పట్టను! నేను తిట్టిన తిట్లు కాగితం మీద పెడితే తపాలావాళ్ళు పుచ్చుకోరు.

మీ అమ్మ చేటలో రొయ్యపొట్టు చెరగతా విన్నది. "ఆ పాపిష్టోళ్ళ పడవల్ని గంగమ్మతల్లి అంత దూరం ఎట్లా మోసింది? ఆమెకు కళ్ళు లేవా?" అని గంగమ్మ మీదే తిరగబడింది. మిరపకాయ సంగతి మాత్రం నమ్మలేదు. "మిరపకాయ మనది. పిల్లకు ఎవరో తప్పు చెప్పినారు" అంటుంది.

రమణయ్య అన్నాడు గదా, "ఏడో సముద్రం అవతల, ఎప్పుడో చచ్చినోళ్ళ కోసం నువ్వు వల కుట్టేది మానేస్తే ఎట్లా గంగులన్నా? ఇంతకీ వాళ్ళు నీకేం వరస?"

"మనుషుల వరస!" అని చేతిలో సూది విసిరికొట్టినాను. అది పోయి వాడి చుట్ట మీద పడింది. కాలతా ఉండే చుట్ట పంచె మీద పడింది. ఆ తర్వాత పాఠం ముందుకు సాగలేదు.

చెట్లకు చదవడమేంది తల్లీ! ఖాళీ గుడిసెకు చదివి "విన్నారు" అని సంతకం పెట్టే చెయ్యి పడిపోవద్దా? ఆ జవాబు చెప్పిన పెద్దల నోటికి చక్కెర పొయ్యాలి. "తాగి ఉండాలి" అన్నారే, అబ్బ!

ఇంక మన సంబరం ఒకటుంది. ఈ యేడు నీళ్ళ పిలుపు నన్ను పిలవమన్నారు! నీ టీచరమ్మలకు చదివి చూపిస్తావేమో, వివరంగా రాస్తా. మా ఊళ్ళో, సముద్రం కలిసే ఉప్పుచెరువు నీళ్ళకు వంతులుంటాయి, ఏ ఇంటి పడవ ఎప్పుడు ఏడ వల దించాలో పెద్దలు కట్టడి చేస్తారు. ఎవరి వంతులోనూ లేని నీళ్ళు కలుపుకోవాలంటే, ఆ ఒడ్డున ఆకు మీద కర్పూరం వెలిగించి గట్టిగా పిలవాల. కర్పూరం ఆరేలోపల ఎవరన్నా "ఉన్నాం" అంటే ఆ నీళ్ళు వాళ్ళవి. ఎవరూ పలకకపోతే ఊరివి. తాతల కాలం నుంచి నోటిమాటే. ఈసారి కాగితం మీద రాసి చదవాలన్నారు. మద్రాసు నుంచి ఐసు లారీలు తడదాకా వస్తా ఉండాయి, రొయ్యకు గిరాకీ పెరిగింది, అంతా పద్ధతిగా ఉండాలంట. రాసేదానికి, చదివేదానికి పంతులమ్మ నాయన కాకపోతే ఇంకెవరు?

ఉబ్బితబ్బిబ్బయిపోతున్న,
గంగులయ్య.


కొడవలూరు,
2-3-1962

నాయనకు,

స్కూలు పరీక్షలతో ఆలస్యమైంది. నీకు పిలుపు ఇచ్చారని సంతోషించాను. ఏ నీళ్ళు కలుపుకుంటున్నారో రాయలేదే? నాకు తెలిసి అన్ని పాయలకూ వంతులున్నాయి.

నిన్న ఎవరు కనిపించారో చెప్పుకో. మా స్కూలు వెనక చేలో కోతలు అవుతున్నాయి. గట్ల మీద యానాదులు ఎలకబొరియలు తవ్వుతున్నారు. అందులో ఒకామె నన్ను చూసి గునపం పక్కన పడేసి లేచింది. మన చెంచులక్ష్మి! నత్తలపాయ ఒడ్డున గుడిసెల్లో ఉండే వాళ్ళంతా వచ్చేశారు. ఆమె మామ ఆదెయ్య కూడా, ఆ చూపు ఆనని వయసులో, గట్టున కూచుని బొరియల్లోంచి తీసిన వడ్లు చెరుగుతున్నాడు.

"ఏమ్మే కామాక్షీ, పంతులమ్మయినావంట! బెత్తం ఏదీ? ఇంట్లో మరిచినావా?" అంది చెంచులక్ష్మి.

ఇంటర్వెల్ అంతా ఆ గట్టునే కూచున్నాను. కోతలయ్యేదాకా ఇక్కడే ఉంటారట. "రొయ్య తిరిగేనాటికి మా పాయకు పోతాం. ఈడ ఎలకలు తిని తిని నాలిక చచ్చింది" అంది. మన పాఠం ఆమెకూ చెప్పాను. ముత్యాల సంగతి చెబుతుంటే బొరియ తవ్వుకుంటూనే ఉంది. కాగితం సంగతి చెప్పినప్పుడు మాత్రం, "చెట్లకు చదివినారా? చెట్లేమన్నాయంట?" అని నవ్వింది. ఆదెయ్య నవ్వలేదు. "ఒక్కరన్నా మిగిలినారా అమ్మా?" అని అడిగాడు. మిగిలారు, ఇప్పటికీ కొండల్లో, అడవుల్లో ఉన్నారు అంటే, "మంచిది" అని మళ్ళీ వడ్లు చెరగసాగాడు.

నిన్ను అడిగినట్టు చెప్పమన్నారు.

కామాక్షి.


మొగిలికుప్పం,
2-3-1962

నా బంగారు కొండకు,

నీ ఉత్తరం కోసం ఆగలేక రాస్తా ఉండా. నిన్న పిలుపు అయిపోయింది! ఈ ముసలి గొంతులో ఇంత ఉండాదని నాకే తెలియదు. అవతలి ఒడ్డున కొంగలు లేచిపోయినాయంటే చూసుకో!

పడవలన్నీ వరసగట్టి పోయినాం. నత్తలపాయ నోటికాడ నన్ను దించినారు. ఆకు మీద కర్పూరం పెట్టి, కొత్త పంచె, భుజాన కండువాతో నిలబడి చదివినాను. నా సొంత రాతే, నీకు కూడా ఎత్తి రాస్తా ఉండా, తప్పులుంటే దిద్దు:

"ఇందుమూలముగా తెలియజేయడమేమనగా, ఈ నత్తలపాయయందు మనుష్యులు గానీ, వారి పడవలు గానీ, వంతులు గానీ లేనందున, ఈ నీటిని మొగిలికుప్పం గ్రామస్థులు తమ వంతులలో కలుపుకొనుచున్నారు. అభ్యంతరము గలవారు ఈ కర్పూరము ఆరులోగా పలుకవలయును. పలుకనిచో అంగీకరించినట్లే."

ఎట్లుంది? కలెక్టరాఫీసు కాగితం మాదిరి లేదూ? నాకైతే చదివేటప్పుడు ఒళ్ళు జలదరించింది.

గాలి లేదు, కర్పూరం నిదానంగా కాలింది. అందరం గుడిసెల వైపు చూస్తా ఉండాం. ఒక గుడిసె ముందర పీతల బుట్ట బోర్లించి ఉండాది. అలికిడి లేదు. రమణయ్య అన్నాడు, "అందుకే గదా కోతలప్పుడు పెట్టింది! జవాబు చెప్పే నోళ్ళన్నీ ఇప్పుడు ఎలకబొరియల్లో ఉంటాయి." పడవలు ఊగేటట్టు నవ్వినారు. నేనూ నవ్వినాను. ఆరింది. ఆరగానే కేకలు, ఈలలు!

ఎవరూ పలకలేదు తల్లీ. ధర్మంగా జరిగింది. మొదటి వంతు నీ నాయనకే ఇస్తామన్నారు. సంతోషంతో అన్నం సయించలేదు.

నీ నాయన.


కొడవలూరు,
6-3-1962

నాయనా,

క్షేమం అడగను. నువ్వు క్షేమంగానే ఉంటావు.

నువ్వు పిలిచిన పూట పలకాల్సిన మనుషులు నా స్కూలు వెనక గట్టున కూచుని ఉన్నారు. నేను వాళ్ళ పక్కన కూచుని స్పెయినువాళ్ళను తిడుతున్నాను. చెంచులక్ష్మి నవ్వుతూ "చెట్లేమన్నాయంట?" అని అడుగుతున్నది. కొంగలు లేచిపోయాయని రాశావు కదా? ఆమెకు అదే జవాబు చెప్పనా?

తప్పులుంటే దిద్దమన్నావు. అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. ఒత్తులు కూడా సరిగానే పెట్టావు. మనుషుల్నే కొట్టేశావు. బోర్లించిన పీతల బుట్ట నీకు కనిపించింది. దాన్ని ఎవరు బోర్లించి పోయారు నాయనా? నత్తలా? నువ్వు చూశావు, చూసి చదివావు. కోతలప్పుడు ఎందుకు పెట్టారో రమణయ్య మామ నీ ముందే చెప్పాడు, నువ్వు నవ్వావు. ఖాళీ గుడిసెకు చదివే చెయ్యి పడిపోవద్దా అని నాకు రాసిన మనిషివి, అదే చేత్తో రాశావు.

వాళ్ళకు బంగారం పిచ్చి. మీకు రొయ్య. వాళ్ళ కాగితంలో దేవుడున్నాడు, నీ కాగితంలో కర్పూరముంది. అంతకన్నా తేడా చెప్పు, వింటాను.

చెంచులక్ష్మివాళ్ళకు పడవ లేదు, వల లేదు. నడుములోతు నీళ్ళలో చేతులతో తడివి పట్టుకుంటారు. ఆ పాయ తప్ప వాళ్ళకు ఇంకెక్కడా అడుగు ఆనదు, చుట్టూ ఉన్నవన్నీ మన వంతులే. మీ వలలు ఆ నోటికి అడ్డం పడితే ఆ గుడిసెల్లో పొయ్యి వెలగదు.

పిలిచిన నోరే పిలుపును వెనక్కి తీసుకోవచ్చని తాత చెప్పేవాడు. నీళ్ళలో ఇంకా వలలు దిగలేదు కదా? వాళ్ళు తిరిగి రాకముందే వెనక్కి తీసుకో. తీసుకోకపోతే నేను ఆ పాఠం మళ్ళీ ఏ మొహంతో చెప్పను?

కామాక్షి.


మొగిలికుప్పం,
10-3-1962

హైస్కూలు టీచరు కామాక్షమ్మగారికి,

బలే రాసినారు! కన్న తండ్రిని ఆ నెత్తురు తాగినోళ్ళ పక్కన నిలబెట్టినారు. నేను ఎవర్ని నరికినాను? ఎవర్ని ముంచినాను? ఎవరికి సంకెళ్ళు వేసినాను? కర్పూరం వెలిగించి నాలుగు ముక్కలు చదివితే నేను స్పెయినోణ్ణయిపోయినానా?

పుస్తకంలోనోళ్ళ మీద జాలిపడేది సులువమ్మా. ఈ ఊళ్ళో కూడా పొయ్యిలున్నాయి. రెండేళ్ళుగా చెరువు నోరు పూడిపోయి సముద్రం నీళ్ళు సరిగా రాక, ఉన్న వంతుల్లో చేప లేదు. నీకు తెలుసా? నీకు తెలియనీకుండా పెంచినాం. మద్రాసోళ్ళు ఐసు పెట్టెలతో వస్తే, ఉత్త చేతులు చూపించాల్నా? యానాదులకు చేతులున్నాయి, ఏదో ఒక మూల తడువుకుంటారు. వాళ్ళను పొమ్మని నేను రాయలేదు.

పిలుపు వెనక్కి తీసుకోవచ్చని మీ తాత చెప్పింది గుర్తుంది. తీసుకున్నోడి సొంత వంతు పోతుందని, పడవ బోర్లించి ఒడ్డున పెట్టాలని కూడా చెప్పినాడు. ఆ ముక్క రాయలేదేం? ఊరికి ఎదురు తిరిగితే పెద్దలు దురాయి వేస్తారు. నిప్పు ఇయ్యరు, నీళ్ళు ఇయ్యరు, పలకరించరు, చచ్చినా మొయ్యరు. ఈ వయసులో నన్ను అట్లా చూడాలనుందా?

ఇంక పాఠాలు పంపబాక. నాకు ఐదో తరగతి చాలు.

నీ ఉత్తరం పాకలో చదవలేదు. అడిగితే రాలేదని చెప్పినాను. మీ అమ్మకు కూడా చదవలేదు.

గంగులయ్య.


కొడవలూరు,
14-3-1962

నాయనకు,

పాఠాలు పంపను. ఇది పాఠం కాదు.

చెంచులక్ష్మికి అంతా చెప్పాను. నీ కాగితం చదివి వినిపించాను. నీ పేరు దాచలేదు, దాచాలనిపించింది కానీ దాచలేదు. ఆమె తిట్టలేదు. గునపానికి అంటిన మట్టి గట్టు మీద గీకింది. "మీ నాయన గొంతు మంచిది. దూరం పోతుంది" అంది. అంతే.

నాకు మాత్రం కోపం దిగలేదు. వంతు పోతుందన్న ముక్క నేను కావాలనే రాయలేదు, నిజమే. రాస్తే నువ్వు దాన్నే పట్టుకుంటావని తెలుసు. చెరువు నోరు పూడిన సంగతి నువ్వు నాకు దాచావు. తెలిసినా ఇదే రాసేదాన్ని. మనకు చేప లేకపోతే లేనివాళ్ళ నోటిదా తీసుకోవడం?

కోతలు సగంలో ఉండగానే వాళ్ళు బయలుదేరారు. రైతు కూలి ఎగ్గొడతానని అరిచినా ఆగలేదు. ఆదెయ్యను కావడిలో కూచోబెట్టుకుని పోయారు. ఈ ఉత్తరం కన్నా వాళ్ళే ముందు చేరతారేమో.

కామాక్షి.


మొగిలికుప్పం,
22-3-1962

నా తల్లి కామాక్షికి,

వాళ్ళే ముందు చేరినారు. నీ ఉత్తరం వచ్చేటప్పటికి నత్తలపాయ కాడ పొగ లేస్తా ఉండాది. ఆ పొద్దే చెంచులక్ష్మి కబురు పెట్టింది: "ఆ చదివిన కాగితం ఎత్తుకుని రమ్మనండి గంగులయ్యను."

నాకు నషాళానికెక్కింది. నన్ను రమ్మనేదానికి ఈమెవరు? నాలుగు మాటలు అడిగి కడిగేసి వద్దామని పడవ తీసినాను. పోయేదారంతా తిట్లు కూర్చుకుంటా పోయినాను.

వాళ్ళంతా గుడిసెల ముందర కూచుని ఉండారు. పిల్లాజెల్లా అంతా. నన్ను కూచోమనలేదు. చెంచులక్ష్మి అంది, "మేం లేనప్పుడు చదివినావంట గదా. ఇప్పుడుండాం. చదువు."

"నీకు కామాక్షి చదివింది గదా" అన్నాను.

"నాకు చదివింది. వీళ్ళు వినలా. నీ గొంతుతో వినాలంట."

చదవడం మొదలుపెట్టినాను. "ఇందుమూలముగా" అనంగానే పిల్లలు కిసుక్కుమన్నారు. "ఈ నత్తలపాయయందు మనుష్యులు గానీ" అన్నాను. తలెత్తినాను తల్లీ, ఎత్తకుండా ఉండాల్సింది. నా ముందర ఎంతమంది ఉండారో అందరూ నా మొహంలోకే చూస్తా ఉండారు. చూపు ఆనని ఆదెయ్య కూడా నా గొంతు వచ్చే దిక్కుకు మొహం పెట్టి ఉండాడు. "లేనందున" అనే మాట నా నోట్లోంచి రాలేదు. కాగితం మడిచినాను.

"ఆపబాక" అంది చెంచులక్ష్మి. "ఆడ కొంగలకు చదివినప్పుడు ఆపలేదు గదా. చదువు."

చదివినాను. ఆ మాట వాళ్ళ మొహాన చదివినాను. పిల్లలు ఒకరినొకరు తట్టుకుని నవ్వినారు. పెద్దోళ్ళు నవ్వలేదు. అయిపోయినాక, "నేను ఈ పిలుపు వెనక్కి తీసుకుంటా, మీ పాయ మీకు ఇచ్చేస్తా" అన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరగతా ఉండాయి. నేనేదో పెద్ద దానం చేస్తా ఉన్నట్టే అనుకున్నాను, చూడు!

చెంచులక్ష్మి లేచి నా మొహంలో మొహం పెట్టి అంది: "ఇచ్చేస్తావా? నీ దగ్గిర యాడుందయ్యా, ఇచ్చేదానికి? నీ కాగితం నువ్వు ఎత్తుకుని పో. పోయి మీవాళ్ళకు చెప్పు. విన్నారు, ఒప్పుకోలేదు అని చెప్పు. ఆ మంచి గొంతుతోనే చెప్పు."

వచ్చేదారిలో నాకొచ్చిన కోపం అంతా ఇంతా కాదు. ఆమె మీద కాదు. తిట్లు కూర్చుకుంటా పోయినానే, ఆ తిట్లన్నీ నాకే సరిపోయినాయి.

పాకలో అందరూ ఉండగా చెప్పినాను. "విన్నారు. ఒప్పుకోలేదు. నేను పిలిచిన పిలుపు నేనే వెనక్కి తీసుకుంటా ఉండా." రమణయ్య చుట్ట తీసి పక్కన పెట్టినాడు. "గంగులన్నా, ఎండకు తల తిరిగినట్టుంది. వాళ్ళకు పడవా, వంతా? వాళ్ళు ఒప్పుకునేదేంది, ఒప్పుకోకపోయేదేంది?"

"నీకు కోతలప్పుడు పెట్టాలని ఎందుకు తోచింది రమణయ్యా? వాళ్ళకు నోరుందని తెలిసే గదా!" అని అరిచినాను. నీ ఉత్తరాలన్నీ, నువ్వు నన్ను తిట్టింది కూడా, ఒక్క ముక్క మింగకుండా పాకలో చదివినాను. మీ అమ్మ ఆడే ఉండి వినింది. కొందరు తలొంచుకున్నారు. కొందరు ఊసినారు. దురాయి వేసేసినారు. నా వంతు తీసేసినారు. నా పడవను నాచేతే బోర్లింపజేసినారు. పక్కింటోళ్ళు కూడా నిప్పు ఇయ్యలేదు. అయితే ఏం? మీ అమ్మ అగ్గిపెట్టె కొనుక్కొచ్చింది తడ నుంచి.

నేను వెనక్కి తీసుకున్నా వాళ్ళు ఆగలేదు తల్లీ. నిన్న తెల్లారంగానే పెద్దల పడవలు వలలు ఎత్తుకుని నత్తలపాయకు పోయినాయి. నేను ఒడ్డంబడి నడిచి పోయినాను. పాయ నోటికి అడ్డంగా వాళ్ళంతా నడుములోతులో వరసగా నిలబడి ఉండారు. ఆడోళ్ళు, మొగోళ్ళు, చంకన బిడ్డలతో. ఆదెయ్యను ఇద్దరు పట్టుకుని ఉండారు. ఎవరూ మాట్లాడలేదు. వల దించాలంటే మనుషుల మీద దించాల.

రమణయ్య పడవలోంచి కేకేసినాడు: "గంగులన్నా! ఏడ నిలబడతావో చూసుకో. తర్వాత మళ్ళీ ఊళ్ళోకి రావాల!"

నీళ్ళలోకి దిగినాను. వరసలో నాకు ఎవరూ చోటియ్యలేదు, ఇయ్యాలని లేదు గదా. చివర, బురద జారే చోట నిలబడినాను. ఇంత బతుకు నీళ్ళ మీద బతికినాను, ఎన్నడూ నీళ్ళలో నిలబడి పడవల్ని ఎదురుగా చూడలేదు. అట్లా చూస్తే మన పడవలు ఎంత పెద్దగా ఉంటాయో నీకు తెలుసా?

పోటు నీళ్ళు తిరిగేదాకా నిలబడినాం. పడవలు కూడా అట్లే నిలబడినాయి. కడాకు ఒక్కొక్కటే వెనక్కి మళ్ళినాయి. రమణయ్య పోతా పోతా, "రేపొస్తాం" అన్నాడు. చెంచులక్ష్మి నీళ్ళు పిండుకుంటా నా పక్కకు కూడా చూడకుండా పోయింది.

ఆ రేపు ఈ పొద్దే. ఈ ఉత్తరం తపాలాలో వేయించి నేను పోవాల. పాఠం మానుకోబాక. మీ పుస్తకంలో ఆ రెండు ముక్కలు చదివి ఊరుకోబాక. ఉన్నది ఉన్నట్టు చెప్పు, ఎవరు అడ్డమొచ్చినా చెప్పు. ఇక్కడి సంగతి కూడా చెప్పు. నా పేరు దాచబాక.

ఇంతకన్నా రాసేదానికి లేదు. మీ అమ్మ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని వాకిట్లో నిలబడి తొందరపెడతా ఉండాది. నువ్వెందుకు, ఆడ నీళ్ళు చల్లగా ఉంటాయి అంటే, "ఆ వరసలో అందరూ నోరు మూసుకుని నిలబడతారంట గదా. తిట్టేదానికి ఒకరన్నా ఉండొద్దా?" అంటుంది.

నీ నాయన,
గంగులయ్య.